మా అవ్వ ముల్లెలో నిజాం

మా ఇంట్లో నిజాం నవాబు ఒక పాత పంచె గుడ్డలో ముల్లెకట్టుకొని ఉంటాడు. మొత్తం 23 వెండి రూపాయలు. ఒక పక్క చార్మినార్ బొమ్మ, ఇంకో పక్క మాకెవరికీ చదవరాని రాత. ఏడాదికొకసారి దీపావళినాడు అవ్వ వాటిని చింతపండుతో తోమి, లక్ష్మీదేవి పటం ముందు పేర్చి, మర్నాడు మళ్ళీ గుడ్డలో కట్టి ట్రంకు పెట్టె అడుగున పెట్టేస్తుంది. వాటిని లెక్కపెట్టడం చిన్నప్పటి నుంచీ నా పని.

మాది కృష్ణగిరి మండలం. ఈ పక్క కోడుమూరు, ఆ పక్క ఎమ్మిగనూరు, ఆదోని. ఈ రూపాయలు చెలామణిలో ఉన్న రోజుల్లో మా ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో ఉండేది. నిజాం రాజ్యం తుంగభద్ర అవతల. మంత్రాలయం దగ్గర ఏట్లో దిగి అవతల గట్టెక్కితే రాజు మారిపోతాడు, రూపాయి మారిపోతుంది, సరుకుకు సుంకం కట్టాలి. కానీ పెళ్ళి సంబంధాలకు సుంకం లేదు గదా. మా అవ్వ పుట్టినిల్లు రాయచూరు వైపు. ఆమెను ఇటిచ్చినప్పుడు వాళ్ళమ్మ ఒక జత కాళ్ళ కడియాలు, ఈ 23 రూపాయలు ఇచ్చి పంపిందట.

నేను ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ కడియాలే. 2025 దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు పత్తి వానకు తడిసి రంగు మారింది, ఆదోని యార్డులో ధర పలకలేదు. నా ఫీజు ఒక పక్క, బ్యాంకు కిస్తీ ఒక పక్క. వెండి కిలో లక్షన్నర దాటింది, కడియాలు అమ్మేద్దామా అని నాయన అవ్వనడిగినాడు. అవ్వ ఏమీ అనలేదు. అడ్డం పడింది నేను. అప్పటికి నెలరోజులుగా హాస్టల్లో అందరం వెండి వీడియోలే చూస్తున్నాం. అమెరికాలో ఒక పెద్ద బ్యాంకు గుట్టలు గుట్టలుగా వెండి దాచిపెట్టిందట, ధరను తొక్కిపెట్టిందట, ఆ రహస్యం బయటపడిన రోజు వెండి ఎక్కడికో పోతుందట. కాబట్టి ఆగుదాం అని నేను మా నాయనకు అరగంట ఉపన్యాసం ఇచ్చినాను.

తర్వాత కూర్చొని చూస్తే ఆ కథలో నిజం ఎంతవరకంటే, జేపీ మోర్గాన్ బ్యాంకు 2020లో 92 కోట్ల డాలర్లు కట్టి ఒక కేసు నుంచి బయటపడింది. ఆ కేసు విలువైన లోహాల మార్కెట్లో, అమెరికా ప్రభుత్వ బాండ్ల మార్కెట్లో దొంగ ఆర్డర్లు పెట్టి ధరను అటూ ఇటూ ఆడించినందుకు. వెండి గుట్ట దాచినందుకు కాదు. ఇది చదువుతూ ఉంటే నాకు ఒక విషయం తట్టింది. ఒకే మనిషి దగ్గర లోకంలోని వెండి బంగారాలన్నీ పోగుపడి ఉన్నాయనే కథ మన తెలుగువాళ్ళకు కొత్త కాదు. మన తాతల కాలంలో ఆ కథకు ఒక పేరుంది, మొహముంది, ఇల్లుంది. ఆ మనిషే అవ్వ ముల్లెలో ఉన్నాడు.

మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1886 ఏప్రిల్ 6న హైదరాబాద్ పురానీ హవేలీలో పుట్టినాడు. తండ్రి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఖర్చుకు వెనకాడే మనిషి కాదు. ఆయన బట్టల అలమరాలే పురానీ హవేలీలో ఒక పొడుగాటి హాలంతా ఉంటాయి, ఇప్పటికీ చూడొచ్చు. ఆ తండ్రి 1911 ఆగస్టులో పోతే, 25 ఏళ్ళ కొడుకు గద్దెనెక్కినాడు. తండ్రి చెప్పుల్లో ముందు భాగాన గుడ్డలో చుట్టి దొరికిందంటారు 184.75 క్యారెట్ల జాకబ్ వజ్రం. కొడుకు దాన్ని కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా వాడుకున్నాడంటారు. ఇద్దరి స్వభావాలనూ ఈ ఒక్క కథలో పెట్టేయొచ్చు. కొన్న తండ్రికి అది ఎక్కడ పెట్టినాడో పట్టలేదు, కొడుకు దానికి కూడా ఒక పని చెప్పినాడు.

చౌమహల్లా లాంటి ప్యాలెస్ ఉండగా ఆయన కింగ్ కోఠీలోనే బతికినాడు. ఆ ఇల్లు కట్టించుకున్నది కమాల్ ఖాన్ అనే ఆయన. తలుపుల మీదా గోడల మీదా తన పేరులోని రెండు ఇంగ్లీషు పొడి అక్షరాలు కె, కె చెక్కించుకున్నాడు. ఇల్లు చేతికొచ్చాక అవి మార్పించడం ఎందుకని, ఆ రెండక్షరాలకే కింగ్ కోఠీ అని అర్థం చెప్పుకున్నారంటారు. నిజమో కాదో గానీ ఆయన మీద పుట్టిన కథలన్నీ ఈ వాటంలోనే ఉంటాయి. ఒకే టోపీ ఏళ్ళ తరబడి పెట్టుకున్నాడని, మాసిన షేర్వానీలో తిరిగేవాడని, చవక చార్మినార్ సిగరెట్లు తాగేవాడని, మేజోళ్ళు తనే అల్లుకున్నాడని. ఇంకో పక్క తోటలో చక్రాలు నేలలోకి దిగిపోయిన లారీల నిండా బంగారమని, నేలమాళిగలో నోట్ల కట్టలను ఎలుకలు కొరికేశాయని. ఇవన్నీ చదివి నవ్వుకున్నవాళ్ళమే మనమంతా. లారీలో ఎంత ఉందో కాటా వేసి చూసినవాడు మాత్రం ఎవడూ లేడు.

ఇక లెక్క తెలిసిన సంగతులకు వద్దాం.

బ్రిటిషు ఇండియాలోని సంస్థానాలన్నిటిలో హైదరాబాద్ తీరు వేరు. దానికి సొంత రైలు, సొంత టపా, సొంత సుంకం, సొంత రూపాయి. ఆ రూపాయినే హాలీ సిక్కా అనేవాళ్ళు, అంటే ఇప్పుడు నడుస్తున్న నాణెం అని. దాని బరువు 11.178 గ్రాములు, అందులో వెండి 81.8 శాతం. బ్రిటిషు రూపాయి 11.66 గ్రాములు, వెండి 91.67 శాతం. కాలిక్యులేటర్ తీసుకొని గుణిస్తే నిజాం రూపాయిలో 9.14 గ్రాముల వెండి, ఇంగ్లీషు రూపాయిలో 10.69 గ్రాములు. నిష్పత్తి 0.855. ఇప్పుడు చూడండి, మామూలు మారకం ఎంతంటే 7 హాలీ రూపాయలకు 6 ఇంగ్లీషు రూపాయలు, అంటే 0.857. నూరు ఇంగ్లీషు రూపాయలకు 116 హాలీ రూపాయల 10 అణాల 8 పైసలు అని పాత కాగితాల్లో కనిపించే వింత అంకె కూడా ఇదే లెక్క. తుంగభద్ర గట్టున కూర్చున్న మారకం వ్యాపారి ఏ రాజు బొమ్మనూ చూడలేదు, లోపలి వెండినే చూసినాడు. ఈ లెక్క సరిపోయిన రాత్రి నేను హాస్టల్లో ఒక్కడినే లేచి తిరిగినాను. బీటెక్‌లో ఏ ల్యాబులోనూ నాకు రీడింగు ఇంత దగ్గరగా రాలేదు.

ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కిన మూడేళ్ళకు మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. దివాన్‌ను పక్కన పెట్టి 1914 నుంచి 1919 దాకా పాలన అంతా తన చేతిలోనే ఉంచుకున్నాడు. యుద్ధానికి ఇంగ్లీషువాళ్ళకు ధారాళంగా డబ్బిచ్చినాడు. ఆయన డబ్బుతో వచ్చిన విమానాలతోనే వాళ్ళ 110వ స్క్వాడ్రన్ యుద్ధానికి పోయింది. దానికి బదులుగా 1918లో ఆయనకు ఏ ఇతర సంస్థానాధీశుడికీ లేని బిరుదు దక్కింది. కానీ ఆ యుద్ధకాలంలో వెండికి జరిగింది ఇంకా పెద్ద కథ.

యుద్ధంలో ఇండియా నుంచి పత్తి, జనుము, తోళ్ళు, తిండిగింజలు విపరీతంగా ఎగుమతి అయినాయి. వాటికి రూపాయల్లో డబ్బివ్వాలి. రైతుకు కాగితం వద్దు, వెండి రూపాయే కావాలి. టంకశాలలు ఎంత కొట్టినా చాలలేదు. లండన్‌లో వెండి ఔన్సు 43 పెన్నీలు దాటితే రూపాయిని రూపాయిగా వాడడం కంటే కరిగించి అమ్ముకోవడమే లాభం. 1917లో ఆ గీత దాటేసింది. 1918లో నోట్లు పట్టుకొని జనం కరెన్సీ ఆఫీసుల ముందు బారులు తీరినారు. నోటు మీద రాసిన మాట సర్కారు నిలబెట్టుకోలేదేమో అనే భయం. చివరికి అమెరికా పిట్‌మన్ చట్టం అని ఒకటి చేసి, తన ఖజానాలోని వెండి డాలర్లను కరిగించి దాదాపు 20 కోట్ల ఔన్సులు ఇండియా కోసం అమ్మింది. టన్నుల్లో చెప్పాలంటే ఆరువేలకు పైమాటే. ఆ వెండి ఓడల్లో వచ్చింది, టంకశాలకు పోయింది, రూపాయిగా బయటికొచ్చింది, మాయమైపోయింది. ఎక్కడికంటే కడియాల్లోకి, వడ్డాణాల్లోకి, పిల్లల మొలతాళ్ళలోకి, గోడలో దాచిన కుండల్లోకి. ఇండియా జనం వెండి దాచిపెడతారు, లోకంలోని లోహమంతా ఈ దేశం మింగేస్తుంది అని అప్పటి తెల్ల అధికారులు, ఆర్థికవేత్తలు తిట్టిపోసినారు. అంటే వాళ్ళ లెక్కలో దాచిపెట్టిన దొంగ మా ముత్తవ్వ.

హైదరాబాద్‌కు కూడా ఆ సెగ తగిలింది. వెండి దొరకక నిజాం సర్కారు 1918లో కాగితం నోట్ల చట్టం చేసింది. మొదట 10, 100 రూపాయల నోట్లు, తర్వాత చిన్నవి వచ్చినాయి. అంటే ప్రపంచంలోనే పెద్ద ఖజానా ఉందని చెప్పుకునే రాజు రాజ్యంలో కూడా నాణెం కొట్టడానికి వెండి చాలలేదు. ఇది చదివాక లారీల కథ మీద నా నమ్మకం సగానికి పడిపోయింది.

అయితే పోగు లేదని నేననడం లేదు. ఆయన సొంత పోగు వేరు, రాజ్యం ఖజానా వేరు. రాజ్యంలో సుమారు పదో వంతు భూమి సర్ఫేఖాస్, అంటే నిజాం సొంత ఆస్తి. దాని రాబడి నేరుగా ఆయనకే. దానికి తోడు నజరానా. దర్శనానికి పోయినవాడు రుమాలు మీద బంగారు అష్రఫీ, వెండి రూపాయలు పెట్టి చాపాలి. పాత రోజుల్లో రాజు దాన్ని తాకి వదిలేసేవాడట, ఈయన తీసుకునేవాడు. ఉద్యోగం వచ్చినా నజరానా, పెళ్ళయినా నజరానా, పండగైనా నజరానా. ఇంగ్లీషు రెసిడెంటు కూడా దీని మీద పైకి ఫిర్యాదులు రాసినాడు. బీరారు తిరిగిమ్మని ఈయన అడిగితే 1926లో వైస్రాయి రీడింగ్ గట్టిగా జవాబిచ్చి, సార్వభౌమత్వం ఎవరిదో గుర్తుచేసినాడు. ఆ ఉత్తరం తర్వాత హైదరాబాద్ మీద తెల్లవాళ్ళ పట్టు ఇంకా బిగిసింది.

మనం ఇంజనీరింగు వాళ్ళం గనక ఇంకో పక్క కూడా చూడాలి. 1908లో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచేసింది. విశ్వేశ్వరయ్య సలహా మీద గండిపేటలో ఉస్మాన్ సాగర్ 1920కి, హిమాయత్ సాగర్ 1927కి తయారైనాయి. ఉస్మానియా యూనివర్సిటీ 1918లో. ఉస్మానియా ఆసుపత్రి, హైకోర్టు భవనం ఆ పదేళ్ళలోనే. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది, చీఫ్ ఇంజనీరు అలీ నవాజ్ జంగ్. ఈ పేరు మన సివిల్ బ్రాంచిలో ఎంతమందికి తెలుసో నాకు అనుమానమే. తెలంగాణలో ఆయన పుట్టినరోజు జూలై 11ను ఇంజనీర్ల దినంగా చేసుకుంటారు. పుణెలో మహాభారతం ప్రామాణిక ప్రతి తయారు చేసిన భండార్కర్ సంస్థకు డబ్బిచ్చినవాళ్ళలో ఈయనొకడు. అక్కడి అతిథిగృహానికి ఇప్పటికీ నిజాం పేరే.

మా ఊరివైపు సంగతి కూడా ఒకటుంది. 1945 ఫిబ్రవరి 28న తుంగభద్ర ఆనకట్టకు రెండు గట్లమీదా శంకుస్థాపన జరిగింది. మద్రాసు వైపు గవర్నరు, హైదరాబాద్ వైపు నిజాం పెద్ద కొడుకు. ఆదోని, ఎమ్మిగనూరు చేలకు దిగువ కాలువలో నీళ్ళొస్తున్నాయంటే ఆ పథకం వల్లే. 1800లో ఈ ఆదోనిని, చుట్టుపక్కల సీమనంతా ఇంగ్లీషువాళ్ళకు రాసిచ్చేసింది కూడా ఈయన పూర్వీకుడే. అందుకే మమ్మల్ని చాలాకాలం దత్తమండలాలోళ్ళు అన్నారు. ఇచ్చిన సంగతి మాకు బాగా గుర్తు, కట్టిన సంగతి ఎవరూ చెప్పలేదు.

1937 ఫిబ్రవరిలో పాలన మొదలై 25 ఏళ్ళయినందుకు రజతోత్సవం చేసినారు. అసలు 1936లోనే చేయాలి, ఇంగ్లండు రాజు చనిపోవడంతో ఏడాది వెనక్కి పోయింది. ఆ సందర్భంగానే టైమ్ పత్రిక ఫిబ్రవరి 22 సంచిక అట్ట మీద ఆయన బొమ్మ వేసి, లోకంలోకెల్లా ధనవంతుడని రాసింది. ఆ ఒక్క అట్టతో కథ ప్రపంచమంతా పాకింది. ఆ ఉత్సవానికి వచ్చిన కానుకలు ఇప్పుడు పురానీ హవేలీ మ్యూజియంలో ఉన్నాయి. ఇండస్ట్రియల్ విజిట్‌కు హైదరాబాద్ పోయినప్పుడు మేం నలుగురం మధ్యాహ్నం జారుకొని అక్కడికి పోయినాం. వెండితో చేసిన భవనాల నమూనాలు, వెండి తీగపని పెట్టెలు, అత్తరు బుడ్లు. వెండి తీగపని అంటే కరీంనగర్. తల వెంట్రుకంత తీగతో అంత పెద్ద పని చేసిన ఆ కంసాలుల పేర్లు ఎక్కడా లేవు, ఇచ్చిన వాళ్ళ పేర్లున్నాయి. 2018 సెప్టెంబరులో దొంగలు ఇక్కడి నుంచే వజ్రాలు పొదిగిన బంగారు టిఫిన్ డబ్బా ఎత్తుకుపోయి వారానికే దొరికిపోయినారు. వాళ్ళలో ఒకడు రోజూ అందులోనే అన్నం తిన్నాడని పోలీసులు చెప్పినారు. ఆ డబ్బాను డబ్బాగా వాడినవాడు వాడొక్కడేనేమో.

ఇక చివరి పదేళ్ళ రాజ్యం గురించి మెత్తగా రాయలేను. ఇంగ్లీషువాళ్ళు పోతూ ఉంటే ఈయన స్వతంత్రంగా ఉండాలనుకున్నాడు. 1947 నవంబరు 29న భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం. ఊళ్ళలో దొరల వెట్టి, భూమి కోసం తెలంగాణ రైతుల పోరాటం, ఖాసిం రజ్వీ రజాకార్ల దాడులు. వాళ్ళను విమర్శించిన పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో నడిరోడ్డు మీద చంపేసినారు. నిజాం వాళ్ళను ఆపలేకపోయినాడా, ఆపలేదా అని ఇప్పటికీ వాదించుకుంటారు. ఆయన పేరు మీదే అదంతా జరిగింది కాబట్టి నా మటుకు నాకు ఆ రెంటికీ పెద్ద తేడా లేదు. సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది, 17న అయిపోయింది. ఆ తర్వాత రజాకార్లతో సంబంధం లేని ముస్లిములు కూడా చాలామంది చచ్చిపోయినారు.

సరిగ్గా ఆ గొడవలోనే హైదరాబాద్ ప్రభుత్వం తరఫున లండన్ బ్యాంకులో ఉన్న 10 లక్షల పౌన్లకు పైగా డబ్బు అక్కడి పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాకు మారిపోయింది. నిజాం తిరిగి ఇమ్మన్నాడు, అవతలివాళ్ళు మాదన్నారు, బ్యాంకు ఎవరికీ ఇవ్వనంది. ఆయన బతికి ఉండగా తేలలేదు. 71 ఏళ్ళ తర్వాత, 2019 అక్టోబరులో, లండన్ హైకోర్టు అది పాకిస్తాన్‌ది కాదని, నిజాం వారసులకు, భారత ప్రభుత్వానికి చెందుతుందని తీర్పిచ్చింది. అప్పటికి అది మూడున్నర కోట్ల పౌన్లయింది. వెండి నాణేలుగా నేలమాళిగలో పెట్టి ఉంటే ఏమై ఉండేదో అని నేను లెక్క వేద్దామనుకున్నాను. కానీ లెక్క మొదలుపెట్టగానే ఏ ఏడాది ధర తీసుకోవాలనే దగ్గరే ఆగిపోయింది.

ఎందుకంటే వెండి ధర చరిత్ర చూస్తే కడుపులో తిప్పుతుంది. 1920 ఫిబ్రవరిలో లండన్‌లో ఔన్సు 89.5 పెన్నీలు. ఇంకా పోతుందని ఆగినవాళ్ళు ఆగినారు. 1931కి 12 పెన్నీలు. 1980 జనవరిలో 50 డాలర్ల దగ్గరికి పోయింది, అమెరికాలో హంట్ సోదరులు కోట్ల ఔన్సులు పోగేసినందుకు. మార్కెట్ నిబంధనలు మార్చేసరికి మార్చి 27న 11 డాలర్ల కిందికి పడిపోయింది. మళ్ళీ ఆ ఎత్తు దగ్గరికి రావడానికి 2011 దాకా పట్టింది. దాటింది 2025 అక్టోబరులో. అంటే 1980 జనవరిలో ఆ ఎత్తు మీద వెండి కొన్న మనిషి తన డాలర్లు తనకు రావడానికి 45 ఏళ్ళు కాచుకోవాలి, ఆ డాలరు విలువ ఎంత తరిగిందో లెక్కలోకి తీసుకోకుండానే. హంట్ సోదరులది నిజంగానే పోగు. వాళ్ళు నిజంగానే ధర పెంచగలిగినారు. కానీ ధర పెరిగే కొద్దీ అమెరికాలో ఇళ్ళలోని వెండి చెంచాలు, పళ్ళేలు, పాత నాణేలు కరిగించడానికి బయటికొచ్చినాయి. ఆ చెంచాలు ఏ గుట్టలోనూ లెక్కకు రానివి.

నిజాం కథకు వస్తే, 1950 నుంచి 1956 దాకా రాజప్రముఖ్‌గా ఉన్నాడు. హాలీ సిక్కా 1951లో కొట్టడం ఆగిపోయింది, 1959లో చెల్లకుండా పోయింది. మా అవ్వ పెట్టెలో రూపాయి రూపాయి కాకుండా పోయిన ఏడాది అది. నగలన్నిటినీ 1951, 52లలో ట్రస్టుల్లో పెట్టినాడు, తన తర్వాత చెదిరిపోకూడదని. అవి చెదరలేదు, కదలలేదు కూడా. బ్యాంకు లాకర్లలో దశాబ్దాలు ఉండి, కోర్టులు తిరిగి, 1995లో జాకబ్ వజ్రంతో సహా 173 నగలను భారత ప్రభుత్వం 218 కోట్లకు కొనుక్కుంది. అంతర్జాతీయ వేలంలో దానికి ఎన్నో రెట్లు వచ్చేదంటారు. బయటికి అమ్మనివ్వరు గనక ఆ మాటకు విలువ లేదు.

1965 యుద్ధం తర్వాత లాల్ బహదూర్ శాస్త్రి అడిగితే 5 టన్నుల బంగారం దేశానికి దానమిచ్చేశాడని వాట్సాప్‌లో మీరూ చదివే ఉంటారు. సమాచార హక్కు కింద అడిగితే వచ్చిన జవాబు వేరు. 425 కిలోలు, అదీ దానం కాదు, జాతీయ రక్షణ స్వర్ణ బాండ్లలో పెట్టుబడి. నాకు ఇందులో ఆయన్ని తక్కువ చేయాల్సింది ఏమీ కనిపించలేదు. 79 ఏళ్ళ మనిషి, జీవితమంతా పట్టుకున్నదాన్ని తనంతట తాను బయటికి తీసినాడు. 425 కిలోలు చిన్న విషయమా? కానీ కథకు 425 చాలదు, 5,000 కావాలి. లారీల లెక్క కూడా ఇలాగే పెరిగి ఉంటుంది.

1967 ఫిబ్రవరి 24న కింగ్ కోఠీలో పోయినాడు. ఎదురుగా ఉన్న జూదీ మసీదులో తల్లి సమాధి పక్కన పెట్టినారు. హైదరాబాద్ వీధులు జనంతో నిండిపోయినాయి. మనవడు ముకర్రం జాకు దక్కింది వేలమంది నౌకర్లు, వాళ్ళ జీతాలు, లెక్కలేనన్ని కోర్టు కేసులు. అతను ఆస్ట్రేలియా పోయి గొర్రెల ఫారం పెట్టుకున్నాడు.

ఇదంతా చదవకముందే మేం కడియాలు అమ్మేసినాం. దసరా అయిన మూడో రోజు నాయన, నేను గోనెగండ్ల, ఎమ్మిగనూరు మీదుగా ఆదోని పోయినాం. షాపాయన ఆకురాయితో ఒక మూల గీకి, చుక్క మందు వేసి, రంగు చూసి, తరుగు తీసి ధర కట్టినాడు. ఫీజు, కిస్తీ రెండూ తీరినాయి. దీపావళి లోపల వెండి ఇంకా ఎగిరింది. లండన్‌లో సరుకు లేదని, ఇక్కడ మ్యూచువల్ ఫండ్లవాళ్ళు వెండి ఫండ్లలోకి కొత్త డబ్బు తీసుకోవడమే కొన్నాళ్ళు ఆపేసినారని వార్తలు. నేను రోజూ ఫోన్లో ధర చూసుకొని, మనం పోగొట్టుకున్నది ఇంత అని నాయనకు చెప్పేవాణ్ణి. ఆయన ఊఁ కొట్టి, చేలో కూలోళ్ళు రాలేదనేవాడు. దీపావళి మర్నాడు ధర ఒక్కసారిగా జారింది. ఇక ఫోన్ చేయలేదు.

ఇక ముందు ధర ఏమవుతుందని క్లబ్బులో నన్ను అడుగుతున్నారు, ఈ వ్యాసం రాస్తున్నానని తెలిసి. సోలార్ ప్యానెళ్ళకు, ఎలక్ట్రానిక్స్‌కు వెండి వాడకం పెరిగింది, కొన్నేళ్ళుగా గనుల నుంచి, పాత సరుకు నుంచి వచ్చేదాని కంటే వాడేది ఎక్కువగా ఉంది. వెండిలో ఎక్కువ భాగం సీసం, జింకు, రాగి తవ్వితే వెంట వచ్చేది, కాబట్టి వెండి ధర పెరిగిందని వెంటనే ఎక్కువ తవ్వలేరు. ఇవి గట్టి కారణాలే. కానీ ధర ఎక్కువైతే ప్యానెళ్ళ వాళ్ళు వెండి బదులు రాగి పూత వైపు పోతారు, మెటీరియల్స్ సారును అడగండి. రెండోది, ఇళ్ళలో ఉన్న వెండి ఎంతో ఏ పట్టికలోనూ లేదు. ఒక వాన చెడిపోతే మా మండలం నుంచే ఎన్ని జతల కడియాలు ఆదోనికి పోతాయో ఏ బ్యాంకుకు తెలుసు?

మొన్న దీపావళికి పటం ముందు 23 రూపాయలు పేర్చేటప్పుడు అవ్వ పక్కన నేనే కూర్చున్నాను. బోసి కాళ్ళు ముడుచుకొని చింతపండు పిసుకుతోంది, కడియాలున్న చోట చర్మం తెల్లగా గీత పడి ఉంది. చార్మినార్ మధ్య ద్వారంలో చిన్న అక్షరం ఉంటుందని, తండ్రి కాలపు రూపాయిలో మీమ్, కొడుకు కాలపు దాంట్లో ఐన్ అని ఈమధ్యే చదివినాను గనక, ఒక్కొక్కటే లాంతరు దగ్గర పెట్టి చూసినాను. 19 కొడుకువి, 4 తండ్రివి. అవ్వకు చూపించినాను. కళ్ళు చికిలించి చూసి, ఆ నాలుగూ వేరుగా ఎందుకు పెట్టినావు, అన్నిటికీ కలిపి కుంకుమ పెట్టమంది.